సవరణ: ‘ప్లేయర్ పియానో’, ‘యుటోపియా 14’ ఒకటే నవల

అమెరికన్ రచయిత కర్ట్ వానెగట్ ‘ప్లేయర్ పియానో’ తర్వాత ‘యుటోపియా 14’ అని ఇంకో డిస్టోపియా (భయంకరమైన భవిష్యత్తును ఊహించే) నవల రాశాడని ఆదివారం పోస్టులో పెట్టాను, అది తప్పు. రెండూ ఒకే పుస్తకం. 1952లో మొదటి పేరుతో వచ్చింది, 1954లో బాంటమ్ అనే ప్రచురణ సంస్థ వాళ్లు పేపర్‌బ్యాక్ వేస్తూ పేరు మార్చారు. కాజీపేట నుంచి ఒక అన్న ఫోన్ చేసి చెప్తే వానెగట్ జీవితచరిత్ర తీసి చూశాను, స్పష్టంగా ఉంది. సరిచూడకుండా రాశాను, పొరపాటు నాదే.

ఈ పేరు మార్పు చిన్న విషయం కాదు, కొత్త పేరు వింటే సైన్స్ ఫిక్షన్ అనిపిస్తుంది. కానీ వానెగట్ జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేసినప్పుడు, జెట్ ఇంజిన్ రోటర్లు కోసే మిల్లింగ్ మెషీన్ కంప్యూటర్ మీద నడవడం కళ్లారా చూసి, ఇక పనిమంతుడి చేతికి పనేముంటుందని రాసిన నవల అది. సమీక్షకులేమో సైన్స్ ఫిక్షన్ అని పక్కన పెట్టేశారు, ఆ ముద్ర తనకు నచ్చలేదని ఆయనే తర్వాత రాశాడు. పాత పోస్టులో ఆ పేరా మార్చాను.