నెట్ పోయిందన్న మెయిల్ నెట్ వచ్చాక వచ్చింది

మే నెలలో బెంగళూరు వాన ఎలా ఉంటుందో ఇక్కడున్న మనవాళ్లందరికీ తెలుసు. నాలుగింటి దాకా ఎండ కాస్తుంది, ఐదింటికి ఈదురుగాలి లేస్తుంది, ఐదుంబావుకల్లా రోడ్డు నిండా కొమ్మలే. అలాంటి ఒక సాయంత్రం మారతహళ్లిలో మా ఆఫీసు ముందున్న నిద్రగన్నేరు కొమ్మ విరిగి పడింది. నెట్ పోయింది. రెండు గంటలకు పైగా పనంతా ఆగింది. లైన్ బాగుచేసి వెళ్లిన కాసేపటికి, మాతో పనిచేసే అనంతపురం కుర్రాడు తన ఫోన్ తెచ్చి నా ముందు పెట్టాడు. "అన్నా, మెయిల్ ఇప్పుడొచ్చింది చూడు." నెట్ పోయిందని మా మానిటరింగ్ సర్వర్, అంటే నెట్‌వర్క్‌ను ఎప్పుడూ కనిపెట్టుకుని ఉండే మెషీన్, పంపిన అలర్ట్ అది.

దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టయింది. అయితే తప్పు టూల్‌ది కాదు. లింక్ పోయిన నిమిషంలోనే అది పసిగట్టింది. మెయిల్ తయారుచేసి అదే సర్వర్‌లో ఉన్న పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ పంపే ప్రోగ్రామ్ చేతికిచ్చింది. బయటికి దారి లేదు కాబట్టి పోస్ట్‌ఫిక్స్ దాన్ని క్యూలో దాచి, దారి దొరకగానే వదిలింది. ఆ సర్వర్‌కు కబురు పంపే దారి ఇంకొకటి ఏర్పాటు చేయాల్సింది నేను. చేయలేదు.

లైనక్స్ మీద నెట్‌వర్క్ మానిటరింగ్ పెట్టడం ఇవాళ పెద్ద విద్యేం కాదు. ఈ పని చేసే సాఫ్ట్‌వేర్లలో నాగియోస్ 1999 నుంచి, జాబిక్స్ 2001 నుంచి ఉన్నాయి. పైసా కట్టకుండా వాడుకోవచ్చు. ఉబుంటు సర్వర్ మీద జాబిక్స్ రిపాజిటరీ చేర్చి, డేటాబేస్ పెట్టి, ఏజెంట్‌కు (మనం చూడాల్సిన మెషీన్‌లో కూర్చునే చిన్న ప్రోగ్రామ్) 10050, సర్వర్‌కు 10051 పోర్ట్‌లు తెరిస్తే ఒక పూటలో పని అయిపోతుంది. కొత్తవాళ్లు ఎక్కువగా ఆగిపోయేది ఎస్‌ఎన్‌ఎంపీ దగ్గర. స్విచ్‌లు, రూటర్లు, సర్వర్లు అడిగితే తమ లెక్కలు చెప్పే పద్ధతి అది. ఉబుంటులో ఆ సర్వీసు ఇన్‌స్టాల్ చేయగానే 127.0.0.1 మీద మాత్రమే వింటుంది, అంటే బయటి నుంచి ఎంత అడిగినా పలకదు. కాన్ఫిగ్ ఫైల్లో ఆ ఒక్క లైను మార్చి, ఫైర్‌వాల్‌లో యూడీపీ 161 తెరవాలి. తెరిచేటప్పుడు మానిటరింగ్ సర్వర్ ఐపీకి మాత్రమే తెరవాలి, మామూలుగా ఉండే 'పబ్లిక్' అన్న పాస్‌వర్డ్‌ను అలాగే వదిలేయకూడదు. వీలైతే వెర్షన్ 3 వాడాలి, ఎందుకంటే పాత వెర్షన్లలో ఆ పాస్‌వర్డ్ వైరు మీద దాపరికం లేకుండా పోతుంది.

ఇంతవరకు ఎవరైనా చేస్తారు. చాలా ఆఫీసులు ఇక్కడితో ఆగిపోతున్నాయి. గోడ మీద టీవీలో రంగురంగుల గ్రాఫ్‌లు కనబడితే మానిటరింగ్ ఉన్నట్టే అనుకుంటున్నాయి. నా వాదన ఒక్కటే. ఎక్కడి నుంచి చూస్తున్నాం, కబురు ఏ దారిన పోతుంది, అది అందగానే ఎవరు లేచి ఏం చేయాలి, ఈ మూడూ తేలకుండా పెట్టిన టూల్ ఉన్నా లేనట్టే. నిజానికి లేకపోవడమే నయం. లేదని తెలిస్తే మనిషి జాగ్రత్తగా ఉంటాడు.

గ్రాఫ్‌ను గుడ్డిగా నమ్మడం కూడా ప్రమాదమే. స్విచ్ పోర్ట్‌లో ఎన్ని బైట్లు వచ్చాయో లెక్కపెట్టే పాత కౌంటర్ 32 బిట్లది. అది దాదాపు 429 కోట్ల వరకు లెక్కపెట్టి మళ్లీ సున్నాకు వస్తుంది. 1 జీబీపీఎస్ లింక్ నిండుగా నడిస్తే ఆ లెక్క 34 సెకన్లకే నిండిపోతుంది. మనం 5 నిమిషాలకోసారి అడుగుతుంటే, ఈలోపు అది ఎనిమిదిసార్లు నిండి మొదటికొచ్చి ఉంటుంది. లింక్ ఊపిరాడక కొట్టుకుంటుంటే, గ్రాఫ్ మాత్రం తీరిగ్గా ఉన్నట్టు చూపిస్తుంది. 64 బిట్ల కౌంటర్ ఎంచుకుంటే ఈ బాధ ఉండదు. కానీ ఎస్‌ఎన్‌ఎంపీ వెర్షన్ 1లో అది దొరకదు, కనీసం వెర్షన్ 2సీ కావాలి. ఇది తెలియక "బ్యాండ్‌విడ్త్ బోలెడుంది, మీ అప్లికేషనే స్లో" అని డెవలపర్ల మీద పడ్డవాళ్లను చూశాను.

ఇక అలర్ట్‌ల సంగతి. ఇక్కడ నాకు నిజంగా బాధ కలుగుతుంది. ఒక రూటర్ పడిపోతే దాని వెనకున్న స్విచ్‌లు, కెమెరాలు, ప్రింటర్లు అన్నీ కలిసి అరుస్తాయి. రాత్రి డ్యూటీ ఎప్పుడూ టీమ్‌లో అందరికంటే చిన్నవాడిదే. పీజీ గదిలో ముగ్గురి మధ్య పడుకున్న ఆ పిల్లాడి ఫోన్ తెల్లార్లూ మోగుతూనే ఉంటుంది. వారం తిరిగేసరికి వాడు ఆ మెయిల్స్ అన్నీ వేరే ఫోల్డర్‌లోకి పోయేలా పెట్టుకుంటాడు. నాన్నా పులి కథలో లాగే, నిజంగా పులి వచ్చిన రాత్రి ఎవరూ లేవరు. అప్పుడు చీవాట్లు తినేది కూడా వాడే. రూటర్ పడితే దాని వెనకవాటి గురించి అరవొద్దని చెప్పే సదుపాయం జాబిక్స్‌లో ఉంది, నాగియోస్‌లోనూ ఉంది. ఒక పింగ్ (ఉన్నావా అని మెషీన్‌ను అడిగే చిన్న పలకరింపు) తప్పగానే గోల చేయకుండా, వరుసగా మూడు తప్పాకే చెప్పమనొచ్చు. ఇవి సెట్ చేయడానికి ఓపిగ్గా కూర్చోవాలి, ఆ టైమ్ ఆఫీసు ఇవ్వాలి. లేవగానే చేయాల్సిన పనేమీ లేని అలర్ట్‌తో రాత్రిపూట మనిషిని లేపడం అన్యాయం.

టైమ్ విషయం కూడా చూసుకోవాలి. సర్వర్ గడియారం మన టైమ్‌లో కాకుండా యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో) ఉంటే ప్రతి సంఘటనా ఐదున్నర గంటల ముందు జరిగినట్టు కనిపిస్తుంది. సైబర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ ఘటన గమనించిన 6 గంటల్లోగా ఆ సంస్థకు తెలియజేయాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి. ఏది ఎప్పుడు జరిగిందో తేల్చుకోవడానికే ఆ ఆరు గంటలూ చాలకపోతే కష్టం.

కొమ్మ పడిన మర్నాడు గ్రాఫ్ తెరిచి చూస్తే ఒక సంగతి బయటపడింది. మాకు రెండు కంపెనీల నుంచి రెండు లైన్లున్నాయి. ఒకటి పోతే రెండోది ఉండాలనే రెండిటికీ డబ్బు కడుతున్నాం. గ్రాఫ్‌లో మాత్రం రెండూ ఒకే నిమిషంలో కిందికి పడ్డాయి. కిందికి దిగి చూశాం. రెండు నల్ల కేబుళ్లూ అదే చెట్టుకు, ఒకే కొమ్మకు, ఒకే ప్లాస్టిక్ టేపుతో కట్టి ఉన్నాయి. ఈ ఊళ్లో ఏ వీధిలో తలెత్తినా చెట్లకు చుట్టిన కేబుళ్లు కనిపిస్తూనే ఉంటాయి, అయినా మా రెండూ ఎటు నుంచి వస్తున్నాయని అంతకుముందు ఎవరం అడగలేదు.

రెండో లైన్‌ను వెనక సందులోంచి భూమిలో వేయించాం. ముంబైలో చిన్న వర్చువల్ సర్వర్ ఒకటి అద్దెకు తీసుకున్నాం. అది బయటి నుంచి మా రెండు ఐపీలకూ విడివిడిగా పింగ్ కొడుతుంది. ఆఫీసులోని సర్వర్‌కు సిమ్ వేసిన జీఎస్ఎం మోడెమ్ తగిలించాం. ఇప్పుడు దాని కబురు నెట్‌తో సంబంధం లేకుండా ఎస్ఎంఎస్‌గా వస్తుంది. సర్వర్, స్విచ్, మోడెమ్ మూడూ యూపీఎస్ మీదే ఉన్నాయి.

మొన్న వానకు ముందు లైన్ మళ్లీ తెగింది. సాయంత్రం 6.42కి కుర్రాడి ఫోన్‌కు ఎస్ఎంఎస్ వచ్చింది. టీ గ్లాసు పక్కన పెట్టి ల్యాప్‌టాప్ తెరిచాడు. ట్రాఫిక్ అప్పటికే రెండో లైన్ మీదికి మారిపోయింది. సర్వీసు కంపెనీకి ఫోన్ చేసి కంప్లైంట్ నంబర్ రాసుకున్నాడు. ఆఫీసులో మిగతావాళ్లెవరికీ ఏం జరిగిందో కూడా తెలియలేదు.