సవరణ: గర్భిణులు ఇన్‌హేలర్ ఆపకూడదు
నెల తప్పాక మొదటి మూడు నెలలు ఆస్తమా ఇన్‌హేలర్ ఆపేస్తే మంచిదని మొన్నటి పోస్టులో రాశాను. అది తప్పు. డాక్టర్ రాసిన ఇన్‌హేలర్ మానకూడదనే అంతర్జాతీయ ఆస్తమా మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ మందు కంటే, ఊపిరాడక తల్లికీ కడుపులో బిడ్డకూ ఆక్సిజన్ తగ్గడమే పెద్ద ప్రమాదం.

గర్భిణుల్లో సుమారు మూడో వంతు మందికి ఆస్తమా ఎక్కువవుతుంది. కొందరికి తగ్గుతుంది కూడా. ముందు నుంచే తీవ్రంగా ఉన్నవాళ్లకు, గతేడాది ఎటాక్ వచ్చినవాళ్లకు, బరువు ఎక్కువున్నవాళ్లకు, ముఖ్యంగా మందు మానేసినవాళ్లకు ముప్పు ఎక్కువ. జలుబు, ఫ్లూ వస్తే ఇంకా జాగ్రత్త.

ఎనుమాముల మార్కెట్లో మిర్చి ఘాటు, పత్తి దుమ్ము మధ్య పనిచేసే అక్కచెల్లెళ్లు మన వరంగల్‌లో ఎంతోమంది. నా మాట నమ్మి ఎవరైనా ఇన్‌హేలర్ పక్కన పెట్టి ఉంటే, దయచేసి ఈరోజే డాక్టర్‌తో మాట్లాడండి.