సీటు కింది యాంప్లిఫయర్ వారికి బహిరంగ లేఖ

మహారాజరాజశ్రీ యాంప్లిఫయర్ గారికి,

బరంపురం నుండి తమ కారు యజమాని నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి, తమరు ఆపద పసిగట్టి తమను తాము కాపాడుకునే ప్రొటెక్ట్ దీపం ఎర్రగా వెలిగించుకుని మౌనవ్రతం పట్టిన నాటి నుండి ఈ కారులో ఒడియా పాటకూ తెలుగు పాటకూ భేదం లేకుండా పోయింది. సరిహద్దు ఊరి వాళ్లం గనుక ఆ సమదృష్టిని మెచ్చుకోక తప్పదు.

ఒక మెకానిక్ తమ మూతనైనా తాకకుండానే తమరు కాలిపోయారనీ, కొత్తది కొనుక్కోమనీ తీర్పు చెప్పాడు. మా బావగారేమో గోపాలపూర్ ఉప్పుగాలికి తమను కారు బాడీ రేకుకు కలిపే గ్రౌండు తీగ తుప్పు పట్టి ఉంటుందని తేల్చారు. ఇద్దరికీ దండం పెట్టి మల్టీమీటరు పట్టుకున్నాను. ఇంజను ఆపి ఉండగా తమ ప్లస్‌కూ గ్రౌండ్‌కూ మధ్య 12.6 వోల్టులు, ఇంజను నడుస్తుండగా సుమారు 14 వోల్టులు. స్టీరియో ఆన్ చేయగానే తమను మేల్కొలిపే, తెల్లచార ఉన్న నీలం రిమోట్ తీగలో 12 వోల్టులు. ఫ్యూజు నిక్షేపం. పెయింటు గీకి బిగించిన గ్రౌండు బోల్టు తళతళలాడుతూ బావగారి సిద్ధాంతాన్ని కొట్టిపారేసింది. తమకు అందవలసినవన్నీ అందుతూనే ఉన్నాయన్నమాట.

అప్పుడు స్పీకరు తీగలన్నీ తమ నుండి ఊడదీశాను. స్టీరియో ఆపి మళ్లీ వేసేసరికి ఎరుపు పోయి పచ్చదీపం వచ్చింది. ఒక్కొక్కటే తిరిగి కలుపుతూ పోగా, ఎడమ ముందు తలుపు తీగ తగిలించగానే మళ్లీ ఎర్రబడ్డారు. తలుపుకూ బాడీకీ మధ్యనున్న రబ్బరు గొట్టం వెనక్కి జరిపి చూస్తే, తలుపు తెరిచి మూసినప్పుడల్లా నలిగి నలిగి తొడుగు చీలిన తీగలో రాగి బయటపడి, బాడీ రేకును ఆనుకుని ఉన్నది.

ఆ షార్టుతో పాడమంటే తమ ట్రాన్సిస్టర్లే మాడిపోయేవి గనుక, నోరు మూసుకోవడం న్యాయమే. నా అభ్యంతరం వేరు. ఒళ్లు వేడెక్కినా తమకు అదే ఎర్రదీపం, స్పీకరు తీగ షార్టయినా అదే, లోపల నిజంగానే ఏదైనా కాలిపోయినా అదే. అర్జీ తిరగ్గొట్టి కారణం రాయని గుమస్తాకైనా పైన ఒక అధికారి ఉంటాడు. తమకు ఆ భయమూ లేదు. తమరు నోరు విప్పి చెప్పని ఆ కారణాన్ని అంగడివాడు తనకు లాభమైన మాటతో పూరిస్తాడు, నిక్షేపంలాంటి యాంప్లిఫయర్ పాత ఇనుము కొట్టుకు పోతుంది.

తీగ మార్చేదాకా ఆ స్పీకరును తమ కొలువు నుండి తాత్కాలికంగా తప్పించడమైనది. ఆదివారం ఇచ్ఛాపురంలో పెళ్లికి బావగారితో సహా బయలుదేరుతున్నాము గనుక, జాతీయ రహదారి 16 మీద మిగిలిన మూడు స్పీకర్లతోనూ తమరు విధులకు హాజరు కావలెను.

ఇట్లు,
తమ ఎర్రదీపం బాధితుడు