సెన్నా సరే, ఆ ఇంజన్ విప్పిందెవరు?

మొన్న ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఒకాయన బ్రెజిల్ ఫార్ములా వన్ రేసు డ్రైవర్ అయిర్టన్ సెన్నా ఫొటో పెట్టి, కింద "పుట్టుకతో వచ్చిన ప్రతిభ" అని రాశాడు. వరసగా దండాలు పడ్డాయి. నేనూ ఒకటి పడేసేవాణ్ణే. కానీ అది ఫార్ములా వన్ ఫొటో కాదు, కుర్రతనంలో కార్టు అనే బుల్లి రేసు బండిలో కూర్చున్నది. సీటు పక్కన ఇంజన్ కనపడుతోంది. నా కళ్లు అక్కడే ఆగిపోయాయి.

విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్నకి రీబోరింగ్ షాపు ఉండేది. మనిషి కంటే ముందు బండిని చూడటం మా ఇంట్లో అందరికీ అంటుకున్న జబ్బు. పెళ్లి ఊరేగింపు వస్తుంటే పెళ్లికొడుకుని వదిలేసి "జీపు ఒక సిలిండర్ మిస్ కొడుతోంది" అనే రకం ఆయన.

సెన్నా కార్టుకి ఉన్న ఇంజన్ పేరు డాప్. "ఆంజెలో పరిల్లా వారిది" అని ఇటాలియన్‌లో చెప్పే మూడు మాటల మొదటి అక్షరాలు. మన ఊళ్లో "ఫలానా వారి కొట్టు" అంటామే, అచ్చం అదే. బోర్డు మీద మనిషి పేరు ఉందంటే, పని చెడితే తిట్లు ఎవరికి తగలాలో తెలిసిన షాపు అన్నమాట.

ఆ ఇంటి కథ నాకు సెన్నా కథ కంటే ఎక్కువ ఇష్టం. తండ్రి జొవాన్ని పరిల్లా మిలాన్‌లో డీజిల్ పంపులు బాగుచేసేవాడు. మన ఆటోనగర్‌లో ఏ సందుకెళ్లినా ఒకటి కనిపిస్తుందే, అలాంటి షాపు. యుద్ధం అయిపోయిన మరుసటి ఏడాది, 1946లో, ఆయన మోటార్‌సైకిళ్లు కట్టడం మొదలుపెట్టాడు. ఇంటిపేరులోంచి ఒక 'ర' తీసేసి బళ్లకి మోటో పరిల అని పేరు పెట్టాడు. చిన్న బళ్లే, కానీ రేసుల్లో పెద్ద కంపెనీల పక్కన నిలబడ్డాయి. తర్వాత ఇటలీలో జనం ఫియట్ 500 లాంటి చిన్న కార్లకి మళ్లారు, 1960ల్లో మోటార్‌సైకిళ్ల ఫ్యాక్టరీ మూతపడింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే కార్టు పుట్టి పెరుగుతోంది. 1956లో కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ అనే ఆయన నాలుగు గొట్టాలు అతికించి, గడ్డి కోసే మిషన్ల ఇంజన్ తగిలించి నడిపిన ఆటబొమ్మ అది. కొన్నేళ్లకే ప్రపంచమంతా పాకింది. పరిల పేరుతో కార్టు ఇంజన్లూ వచ్చాయి. ఆ పేరు తర్వాత బ్రూనో గ్రానా 1968లో పెట్టిన ఐఏఎంఈ కంపెనీకి చేరింది. మన దేశంలో ఆ కంపెనీ ఎక్స్30 కార్టు ఇంజన్ నడిపిన పిల్లలు ఆ పేరు ఎక్కడో చూసే ఉంటారు. ఇంటిపేరు అలా వేరే వాళ్ల ఇంజన్ మీద స్టిక్కరై కూర్చుంది. కొడుకులు ఆంజెలో, అకిల్లే ఊరుకోలేదు. మళ్లీ మిలాన్‌లోనే సొంతంగా ఇంజన్లు, కార్టులు మొదలుపెట్టారు. అదే డాప్.

1978లో, పద్దెనిమిదేళ్ల వయసులో, సెన్నా బ్రెజిల్ నుంచి వాళ్ల దగ్గరికి వచ్చాడు. అంతకు ముందు సావోపాలోలో అతని ఇంజన్లు చూసిన మనిషి లూసియో పస్కువాల్, అందరూ త్షే అని పిలిచే స్పెయిన్ మెకానిక్. అంటే ఒక మెకానిక్ షాపులోంచి నేరుగా ఇంకో మెకానిక్ కుటుంబం చేతుల్లోకి వెళ్లాడు. మన పుట్టుకతో వచ్చిన ప్రతిభ అడుగడుగునా గ్రీజు చేతుల మధ్యే పెరిగింది మరి! డాప్‌లో అప్పటికే టెర్రీ ఫుల్లర్టన్ ఉన్నాడు, 1973 ప్రపంచ చాంపియన్. 1993లో, హోండా ఇంజన్లతో ఫార్ములా వన్ బిరుదులు మూడు గెలిచేశాక, నీకు బాగా తృప్తినిచ్చిన పోటీదారు ఎవరని అడిగితే సెన్నా చెప్పింది ఈ ఫుల్లర్టన్ పేరే. ఆ ఫొటో మీద దండాలు పెట్టినవాళ్లకి ఇంకో సంగతి: సెన్నా కార్టింగ్‌లో ప్రపంచ చాంపియన్ కాలేదు. 1978లో ఆరో స్థానం. 1979లో, 1980లో రెండోస్థానం. 1981లో నాలుగు, 1982లో పద్నాలుగు.

ఇంజన్‌కి పదునుపెట్టే ఈ ట్యూనర్ అసలేం చేస్తాడని అడుగుతారు. చెప్తాను, కాస్త ఓపిక పట్టండి, ఇది నా ఇష్టమైన భాగం.

ఇవాళ ప్రపంచ కార్టింగ్‌లో 'ఓకే' అనే తరగతి ఇంజన్ నిమిషానికి 16,000 సార్లు తిరుగుతుంది. టూ స్ట్రోక్ కాబట్టి ప్రతి చుట్టుకీ ఒకసారి మండుతుంది. సెకనుకి దాదాపు 267 మంటలు. అంటే కాలిన పొగ బయటికి పోవడం, కొత్త మిశ్రమం లోపలికి రావడం, అంతా సెకనులో వెయ్యో వంతులు కొన్నిట్లో అయిపోవాలి. సిలిండర్ గోడకున్న ఎగ్జాస్ట్ కిటికీ పై అంచుని అర మిల్లీమీటరు పైకి రాకితే పై స్పీడులో బలం వస్తుంది, మలుపులోంచి బయటికొచ్చేటప్పుడు నీరసిస్తుంది. ఎక్కువ రాకితే ఇక అంతే, తీసింది తిరిగి అతకదు.

ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో నాన్న నన్నో ప్రశ్న అడిగాడు. "ఏరా, ఎగ్జాస్ట్ పోర్టు ముందు ఎందుకు తెరుచుకుంటుంది, ట్రాన్స్‌ఫర్ పోర్టు తర్వాతెందుకు?" పోర్టంటే ఆ కిటికీయే; మొదటిది పొగ పోయేది, రెండోది కొత్త మిశ్రమం వచ్చేది. నేను గడగడా "స్కావెంజింగ్" అన్నాను. "అది పేరు. నేనడిగింది ఎందుకని." నా దగ్గర జవాబు లేదు. "బస్సులోంచి దిగేవాళ్లు దిగకుండా ఎక్కేవాళ్లు ఎక్కుతార్రా?" అన్నాడు. ఒక్క క్షణం ఆగి, "మన బస్టాండులో ఎక్కుతారులే, అందుకే ఆ తన్నులాట" అన్నాడు. యూనివర్సిటీ డిస్టింక్షన్ ఇచ్చింది నాకు.

పిస్టన్‌కీ హెడ్డుకీ మధ్య సందు కొలవడానికి ఆయన ప్లగ్ బెజ్జంలోంచి టంకం తీగ దూర్చి, క్రాంకు చేత్తో తిప్పి, నలిగిన తీగని మైక్రోమీటరుతో కొలిచేవాడు. పెద్దయ్యాక వీడియోల్లో చూశాను, యూరప్ కార్ట్ ట్యూనర్లూ అచ్చం అదే తీగ, అదే పద్ధతి. ప్లగ్ తెల్లగా మాడితే పెట్రోలు తక్కువ, నల్లగా తడిగా ఉంటే ఎక్కువ, బిస్కెట్ రంగులో ఉంటే చేయి కడుక్కోవచ్చు.

పాత 100 సీసీ కార్టులకి క్లచ్ లేదు, గేర్లు లేవు. తోసి స్టార్ట్ చేసుకోవడమే. పొడుగాటి స్ట్రెయిట్ చివర ఫుల్ స్పీడులో పెడల్ వదిలితే ఇంజన్‌కి పెట్రోలు ఆగుతుంది, పెట్రోలులో కలిసే ఆయిలూ ఆగుతుంది, పిస్టన్ పట్టేస్తుంది. అందుకని డ్రైవర్లు బ్రేకుకి ముందు ఒక చెయ్యి స్టీరింగ్ మీంచి తీసి, గాలి పీల్చే మూతి మీద అడ్డం పెట్టేవాళ్లు. గాలి తగ్గి, ఆయిల్ కలిసిన పెట్రోలు ఎక్కువ లాగుతుంది, పిస్టన్ బతుకుతుంది. నూరు దాటిన స్పీడులో ఒంటి చేత్తో! ఆ ఆయిలు కూడా చాలామంది ఆముదంతో చేసిందే వాడేవాళ్లు, వేడికి లోహాన్ని వదలకుండా పట్టుకుంటుందని. కాస్ట్రాల్ అనే పేరే ఆముదానికున్న ఇంగ్లిషు పేరులోంచి వచ్చింది. మహబూబ్‌నగర్, నల్గొండ చేలల్లో పండే ఆముదమేగా మరి, ఇంత దూరం వచ్చింది కాబట్టి ఆ గర్వం కాస్త మనమూ పడొచ్చు.

ఇప్పుడు నా కడుపుమంట దగ్గరికి వస్తాను. ఆస్ట్రియా వాళ్ల రోటాక్స్ మ్యాక్స్ ఇంజన్ వచ్చింది. మన జాతీయ కార్టింగ్ కూడా చాలా ఏళ్లు దాని మీదే నడిచింది. ఆ ఇంజన్‌కి సీలు ఉంటుంది, నంబరు ఉంటుంది, పాస్‌పోర్టు అనే పుస్తకం ఉంటుంది. కంపెనీ ఒప్పుకున్న సర్వీస్ సెంటర్ తప్ప ఎవరూ విప్పకూడదు. న్యాయంగా మాట్లాడాలంటే దానికి కారణం ఉంది. పాత 100 సీసీ ఇంజన్లని కొన్ని గంటలకే విప్పి పిస్టన్ మార్చాల్సి వచ్చేది. ఇది యాభై గంటలు నడుస్తుంది. పిల్లల తండ్రుల అప్పులు కొంత తగ్గాయి. నేను కాదనను.

కానీ "అందరికీ ఒకే ఇంజన్" అనే మాట ఉంది చూశారూ, అది పచ్చి అబద్ధం. ఫ్యాక్టరీలోంచి ఒకేలా వచ్చిన పది ఇంజన్లు, బలం కొలిచే డైనో మీద పెడితే, ఒకేలా ఉండవు, వెంట్రుకవాసి తేడాలుంటాయి. డబ్బున్నవాడు అరడజను కొని, డైనో ఎక్కించి, మంచిది ఉంచుకుని మిగతావి అమ్మేస్తాడు. ఇది కార్టింగ్‌లో అందరికీ తెలిసిన గుట్టే. ఒక్క ఇంజన్ కొన్నవాడికి వచ్చింది మంచం పట్టిన ఇంజన్ అయితే? పూర్వం వాడు త్షే లాంటి మనిషి షాపుకి వెళ్లేవాడు, ఆయన ఆకురాయి తీసుకుని దాన్ని బతికించేవాడు. ఇప్పుడు అదే పని చేస్తే దొంగతనం. డబ్బుతో ఏరుకోవడం రూలు, చేత్తో బాగుచేయడం మోసం. ఈ లెక్క ఎవరు రాశారో గానీ ఆయన చేతికి గ్రీజు అంటి ఉండదు.

2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ గట్టున ఫార్ములా ఈ రేసు జరిగితే నాన్నని తీసుకెళ్లాను. కరెంటు కార్లని ముందే చెప్పాను. అయినా అరగంట చెవి రిక్కించి కూర్చున్నాడు. చివరికి "మిక్సీలా ఉందేంట్రా" అని పల్లీలు కొనుక్కోవడానికి లేచాడు. షాపు షట్టర్ ఎప్పుడో దించేశాడు. రోడ్ల మీద టూ స్ట్రోక్ బళ్లు తగ్గిపోయాక అందులో ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. నన్ను ఆ మెట్టు ఎక్కనివ్వలేదు ఆయన. "చదువుకో, ఈ మురికి నీకెందుకు" అనేవాడు. పరిల్లా కొడుకులకి వాళ్ల నాన్న ఆ మాట చెప్పి ఉంటే సెన్నా ఏ ఇంజన్ మీద కూర్చునేవాడో అని ఒక్కోసారి అనిపిస్తుంది. నాన్న మీద కోపం కాదు. కొంచెం ఉంది.

ఇంతకీ గ్రూపులో దండం పెట్టలేదు నేను. "ఇంజన్ ఎవరిదండీ?" అని అడిగాను. రెండు గంటలు ఎవరూ పలకలేదు. ఆఖరికి ఒకాయన గూగుల్‌లో వెతికి వచ్చాడు.

"హోండా అండి."