మూడు రోజులే కదా అని కుక్కను డాబా మీద వదలకండి

సంక్రాంతో వేసవి సెలవులో దగ్గర పడగానే ఒక మెసేజ్ ఫోన్లలో తిరగడం మొదలవుతుంది. ‘ఊరెళ్తూ కుక్క కోసం డబ్బు తగలెయ్యకండి. డాబా మీద మూడు రోజుల తిండి, బకెట్ నీళ్ళు పెట్టండి. వాచ్‌మన్ రోజుకోసారి చూస్తే చాలు. బోర్డింగ్‌లో, అంటే డబ్బు తీసుకుని కుక్కల్ని ఉంచుకునే చోట పెడితే రోగాలొస్తాయి. మరీ అరిస్తే అర నిద్రమాత్ర వెయ్యండి’ అని దాని సారం. ఇందులో బోర్డింగ్ మాట సగం నిజం. మిగతాదంతా కుక్క ప్రాణం మీదికి తెచ్చేదే.

మూడు రోజుల తిండి ఒకేసారి పెడితే చాలా కుక్కలు మొదటిరోజే మింగేస్తాయి. లాబ్రడార్ల సంగతి చెప్పక్కర్లేదు. వాంతులు, విరేచనాలతో సరిపోతే అదృష్టమే. జర్మన్ షెపర్డ్, గ్రేట్ డేన్ లాంటి లోతైన ఛాతీ ఉన్న జాతుల్లో కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది. అలా జరిగితే గంటల్లో ఆపరేషన్ చెయ్యాలి. పెరుగన్నం, చికెన్ అన్నం పెడితే సాయంత్రానికే పులిసి చీమలు పడతాయి.

నీళ్ళు కిలో బరువుకు రోజుకు 50-60 మి.లీ. కావాలి. అంటే 20 కిలోల కుక్కకు లీటరు పైచిలుకు. లెక్కకు బకెట్ చాలు. కానీ కుక్క రొప్పుతూ ఒళ్ళు చల్లబరుచుకుంటుంది కాబట్టి మే నెల డాబా మీద ఆ అవసరం బాగా పెరుగుతుంది. గొలుసు తగిలి బకెట్ ఒరిగిందా, ఇక చుక్క ఉండదు. యజమాని చాలినంత తిండి, నీళ్ళు, నీడ ఇవ్వకపోతే 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద అది నేరం కూడా.

ఇక వాచ్‌మన్. సంక్రాంతికి ఆయనా ఊరెళ్తాడేమో ముందు అడగండి. ఉన్నా రోజుకోసారి చూడటం చాలదు. కనీసం మూడుసార్లు రావాలి, రెండుసార్లు బయట తిప్పాలి. ఎవరికి అప్పగించినా మీరుండగానే రెండు మూడు పూటలు వాళ్ళ చేత అన్నం పెట్టించండి. ఎక్కువగా జరిగే ప్రమాదం కుక్క పారిపోవడం. కొత్తమనిషి గేటు తియ్యగానే కాళ్ళ సందున దూరిపోతుంది. లోపలి తలుపు మూశాకే గేటు తియ్యాలి, బెల్టుకు తాడు తగిలించాకే బయటికి తేవాలి. మెడ బెల్టు కింద రెండు వేళ్ళు మాత్రమే పట్టాలి. బెల్టుకు వేలాడే బిళ్ళ మీద మీ నంబరుండాలి.

బోర్డింగ్‌లో రోగాలంటే రక్తవిరేచనాలు పట్టించే పార్వో, జ్వరంతో మొదలై నరాలకు పాకే డిస్టెంపర్, ఒకదాన్నుంచి ఒకదానికి అంటే దగ్గు కెన్నెల్ కాఫ్, ఇంకా పిడుదులు. వీటిలో చాలావరకు ముందే అడ్డుకోవచ్చు. గడువు దాటిన టీకాలు వెళ్ళడానికి కనీసం రెండు వారాల ముందు వేయించండి. కెన్నెల్ కాఫ్‌కు ముక్కులో వేసే మందు వారం ముందు, పిడుదుల మాత్ర రెండు మూడు రోజుల ముందు. టీకాల వరస పూర్తికాని కుక్కపిల్లల్ని మాత్రం బోర్డింగ్‌లో పెట్టొద్దు, ఇంటికొచ్చి చూసుకునే మనిషిని పెట్టుకోండి.

చోటు చూడ్డానికి వెళ్ళినప్పుడు మీ కుక్క టీకా కార్డు అడక్కపోతే వెనక్కి వచ్చెయ్యండి, ఎందుకంటే వాళ్ళు పక్క కుక్కదీ అడిగుండరు. రాత్రి అక్కడ మనిషి పడుకుంటాడా? ఎన్ని కుక్కలకు ఒకడు? బోన్లు ఎలా కడుగుతారు? పార్వోకు ఉత్త ఫినాయిల్ చాలదు. మలినమంతా తీసి కడిగాక, ఒక పాలు బ్లీచ్‌కు 30 పాళ్ళ నీళ్ళు కలిపి పది నిమిషాలు తడిగా ఉంచాలి. ముందుగా ఒక్క రాత్రి ఉంచి చూడండి. ఇంట్లో తినే తిండే పూటకో పొట్లం చొప్పున, రెండు రోజులది ఎక్కువగా కట్టివ్వండి. తిండి ఉన్నట్టుండి మారితే విరేచనాలు పట్టుకుంటాయి, అందరూ దాన్నే రోగమనుకుంటారు.

నిద్రమాత్ర అసలొద్దు. కుక్కలకు ఇచ్చే మత్తుమందు ఏస్‌ప్రొమజీన్ కూడా రక్తపోటు తగ్గిస్తుంది, ఒంటి వేడి అదుపు తప్పిస్తుంది, ఒళ్ళు కదలదు గానీ భయం పోదు. మనిషి మాత్ర అరముక్క ఎంత డోసో ఇంట్లో ఎవరూ చెప్పలేరు.

వెళ్ళేముందు చూసుకునే మనిషి కోసం ఒక కాగితం మీద ఇవి రాసి పెట్టండి. ఒక పూట తినకపోతే కంగారు వద్దు. 24 గంటలు ముట్టకపోయినా, మళ్ళీ మళ్ళీ వాంతి చేసుకున్నా, పొట్ట బిగిసి వట్టిగా ఓకరిస్తున్నా, మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో వచ్చినా వెంటనే డాక్టరు దగ్గరికి. మీ ఫోన్ కలవకపోయినా వైద్యం మొదలుపెట్టొచ్చని సంతకం చేసి, డాక్టరు నంబరుతో పాటు కొంత డబ్బు కూడా ఆ మనిషి చేతికే ఇవ్వండి.