ఎర్రమట్టి దిబ్బలకు పేరొచ్చింది, మరి హద్దేది?

విశాఖ నుంచి భీమిలి వెళ్లే దారిలో ఎర్రమట్టి దిబ్బల్లోకి దిగితే చెప్పులకు అంటిన ఎరుపు ఓ పట్టాన వదలదు. వాన నీరు కోసిన సన్నటి లోయలు, చేత్తో రాస్తే పొడిపొడిగా రాలే గోడలు. మంచుయుగంలో సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బయటపడ్డ ఇసుకను గాలి తెచ్చి ఇక్కడ పోసింది. అందులోని ఇనుము తుప్పు పట్టి ఈ రంగొచ్చింది. వేల ఏళ్లు పట్టిన ఆ పనిని చెరిపేయడానికి ఒక పొక్లెయిన్‌కు పూట చాలు.

2014లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దీన్ని భూవారసత్వ స్థలంగా, అంటే భూమి చరిత్రను చూపే అరుదైన చోటుగా గుర్తించింది. 2025 సెప్టెంబరులో తిరుమల కొండలతో పాటు యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకూ ఎక్కింది. ఈ రెండు గౌరవాలకూ మధ్య, 2024 జులైలో, ఇక్కడే యంత్రాలు నేల చదును చేశాయి. పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్నది ఇంత అచ్చంగా ఇంకెక్కడా సరిపోదేమో.

అప్పుడు గొడవంతా ఆ స్థలం వారసత్వ హద్దుకు లోపలా, బయటా అన్న దాని చుట్టే తిరిగింది. నన్నడిగితే ఆ ప్రశ్నే తప్పు. పైన పడ్డ వాన కిందికి పారుతూ లోయలను కోసుకుంటూ సముద్రంలో కలుస్తుంది. ఎగువన చదును చేసి రోడ్డేస్తే నీరు దారి మార్చుకుంటుంది, దిగువన ఇసుక గోడ కూలుతుంది. రెవెన్యూ మ్యాపు మీద గీత ఆ నీటిని ఆపుతుందా?

అదే రామప్ప గుడికైతే పురాతన కట్టడాల రక్షణకు తెచ్చిన 1958 నాటి చట్టం అండ ఉంది. 2010 సవరణ తర్వాత చుట్టూ 100 మీటర్లలో కట్టడాలు నిషేధం, ఆపై మరో 200 మీటర్లలో అనుమతి తప్పనిసరి. (చట్టం ఉంటే చాలని కాదు. రక్షిత కట్టడాల్లో 92 కనిపించడమే లేదని 2013లో ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ తేల్చింది.) అయినా కోర్టు మెట్లెక్కేవాడికి చెప్పుకోవడానికి ఒక సెక్షన్ ఉంటుంది. భూవారసత్వ హోదాకు అలాంటి దన్ను లేదు. ఇలాంటి స్థలాల రక్షణకని 2022 డిసెంబరులో బయటికొచ్చిన బిల్లు ఇంకా ముసాయిదాగానే ఉంది.

ఢిల్లీ కదిలేదాకా రాష్ట్రం చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. ముందు నీటి పారుదలంతా లెక్కలోకి తీసుకుని హద్దు మళ్లీ గీయాలి. అందులో పట్టాలున్నవాళ్లను దొంగల్లా చూడకుండా వేరేచోట స్థలం ఇవ్వాలి. ఆ తర్వాత ఆ సర్వే నంబర్లన్నీ రిజిస్ట్రేషన్ ఆఫీసులో 22ఎ జాబితాలోకి, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితాలోకి ఎక్కాలి.