‘ఈడంటే ఏడ రా?’: ఆన్‌లైన్ ఆటలో మాట చేసే పని

దిల్‌సుఖ్‌నగర్‌లో మొబైల్ కవర్ల షాపు పక్కనుంచి ఇరుకు మెట్లెక్కితే ఒక గేమింగ్ కెఫే వస్తుంది. గంటకు 60 రూపాయలు. ఇంజినీరింగ్ చదివే మా మేనల్లుడూ వాడి నలుగురు దోస్తులూ శనివారం సాయంత్రమైతే అక్కడే ఉంటారు. మొన్న వాణ్ని భోజనానికి ఇంటికి తీసుకెళ్దామని వెళ్లాను. "ఒక్క గేమ్ మామా" అన్నాడు. ఆ ఒక్క గేమ్ ముప్పావుగంటని నాకు తెలుసు, నేనూ ఆడేవాణ్నే. కుర్చీల వెనక నిలబడ్డాను.

వాలరెంట్ అనే కంప్యూటర్ తుపాకుల ఆట ఆడుతున్నారు. ఇటు ఐదుగురు, అటు ఐదుగురు, ముందుగా 13 రౌండ్లు గెలిచినవాళ్లది ఆట. స్కోరు 11-11. అవతలివాళ్లు బి సైట్ అనే చోట స్పైక్, అంటే బాంబు, పెట్టేశారు. పెట్టిన 45 సెకన్లకు అది పేలుతుంది. తీయాలంటే 7 సెకన్లు దాని దగ్గర కదలకుండా ఉండాలి. అటు ఒకడు మిగిలాడు, ఇటు ఒకడు. ఇటు మిగిలినవాడు ఆ గుంపులో అందరికంటే తక్కువ మాట్లాడే పిల్లాడు. చచ్చిన నలుగురి తెరల మీదా ఇప్పుడు వాడు చూసేదే కనబడుతోంది. నలుగురూ ఒక్కసారే అందుకున్నారు.

"లెఫ్ట్ చూడురా, లెఫ్ట్!"

"ఏం చూస్తవ్, తీయ్ తీయ్, టైమ్ లేదు!"

"అరె ఫస్ట్ వాణ్ని కొట్టురా!"

"మార్కెట్‌ల ఉన్నడు, మార్కెట్‌ల!"

పిల్లాడు హెడ్‌ఫోన్‌ని రెండు చేతులా చెవులకేసి నొక్కుకున్నాడు, మళ్లీ చప్పున మౌస్ అందుకున్నాడు. స్పైక్ దగ్గర ఆగాడు, వదిలాడు, మళ్లీ పట్టాడు. అవతలివాడు వెనకనుంచి నడిచొచ్చి కాల్చేశాడు. ఆ అడుగుల చప్పుడు ఆటలో స్పష్టంగానే వస్తుంది. ఈ నలుగురి గొంతుల కింద అది ఎక్కడో పోయింది. "నీ వల్లనే పోయిందిరా" అని ఒకడు, దానికి ఇంకో రెండు మాటలు తగిలించి మరొకడు. తర్వాతి రౌండ్‌లో ఆ పిల్లాడి కళ్ల ముందునుంచే అవతలివాళ్లు ఇద్దరు మిడ్, అంటే మధ్య దారి, దాటి ఎ సైట్ వైపు పోయారు. వెనకనున్న నాకే కనబడింది. వాడు నోరు విప్పలేదు. 11-13తో ఆట అయిపోయింది.

వాడు అలిగి చెప్పలేదని నేననుకోను. చెప్పింది తప్పయితే మళ్లీ పడతాయని ఊరుకున్నాడు. ఐదుగురి జట్టుకు పది కళ్లు. ఒక్క తిట్టుతో అందులో రెండు మూసుకుపోయాయి. ఆన్‌లైన్ ఆటల్లో తిట్ల గురించి రాసేవాళ్లంతా సంస్కారం, పెంపకం, ఈ కాలం పిల్లలు అంటూ మొదలుపెడతారు. ఆ దారిలో వెళ్తే ఆడేవాళ్లెవరూ వినరు. గెలవడానికి కూర్చున్నవాడికి మర్యాద పాఠం దేనికి? వాడికి చెప్పాల్సింది వేరే ఉంది. నువ్వు తిట్టిన ప్రతిసారీ నీకు అందాల్సిన కబురొకటి తగ్గిపోతోందని. మంచిగా మాట్లాడడం కూడా గురి పెట్టడంలాగా సాధనతో వచ్చే విద్య. జట్టులో దాన్ని సాధన చేసేవాడే ఉండడు.

ముందు మంచి ‘కాల్’, అంటే ఆట మధ్యలో జట్టుకు ఇచ్చే పిలుపు, ఎలా ఉంటుందో చూద్దాం. మన గ్యాంగుల్లో ఎక్కువగా వినబడేది "ఈడున్నడు రా, ఈడున్నడు!". దానికి జవాబు "ఈడంటే ఏడ రా?". ఈ రెండు వాక్యాలు పూర్తయ్యేలోపు ఇద్దరు పోతారు. అదే మాట "ఇద్దరు, ఎ మెయిన్, ఒకడికి 80 కొట్టిన" అని వస్తే విన్నవాడికి ఎంతమంది, ఎక్కడ, ఎంత దెబ్బ తిన్నారు అన్నీ ఒక్క ఊపిరిలో అందుతాయి. ఫోన్‌లో బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) ఆడేవాళ్లు ఈ విషయంలో కాస్త నయం. తెర పైన దిక్సూచి అంకెలు ఉంటాయి కాబట్టి "345, చెట్టెనక" అని చెప్పడం త్వరగానే అలవాటవుతుంది. అయితే అక్కడ ఫోన్ మైకులు ఎప్పుడూ తెరిచే ఉంటాయి. ఒకడింట్లో కుక్కర్ కూత, ఇంకొకడింట్లో సీరియల్ డైలాగు, మూడోవాడి అమ్మ పిలుపు, వీటన్నిటి మధ్య "చెట్టెనక".

తెలుగుకు ఇక్కడ ఒక చిక్కుంది, దాని గురించి ఎవరూ మాట్లాడగా వినలేదు. మన భాషలో ‘వద్దు’ అన్నది మాట చివర్లో వస్తుంది. ‘పో’కీ ‘పోకు’కీ, ‘దిగు’కీ ‘దిగకు’కీ తేడా ఆ తోకలోనే ఉంది. నెట్ ఒక్క క్షణం ఆగి ఆ తోక తెగిందంటే చెప్పిందానికి సరిగ్గా ఎదురు వినబడుతుంది. "దిగకు" అన్నాను, వాడు దిగాడు, చచ్చాడు, నన్ను తిట్టాడు. ఇది నాకే జరిగింది, ఒకసారి కాదు. అందుకే చేయి తిరిగినవాళ్లు "నో నో, ఆగు" అని ముందే అడ్డుకట్ట వేసి, కారణం తర్వాత చెబుతారు.

క్రికెట్ ఆడినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. వికెట్ల మధ్య పరుగుకు మూడే మాటలు: యెస్, నో, వెయిట్. బంతి ముందుకు పోతే పిలుపు కొట్టినవాడిది, వెనక్కి పోతే అవతలి ఎండ్‌లో ఉన్నవాడిది. ఎవరు పిలవాలో ముందే తేలిపోయింది కాబట్టి ఆ మూడు మాటలతో పని జరుగుతుంది. ఇద్దరూ పిలిస్తే ఇద్దరూ పిచ్ మధ్యలో నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. పరేడ్ గ్రౌండ్స్‌లో ఏ ఆదివారం పొద్దున నిలబడినా ఇలాంటి రనౌట్ ఒకటైనా దొరుకుతుంది, దాని వెనకే తగవూ దొరుకుతుంది.

ఒక్కసారే ఇద్దరు మాట్లాడితే ఏమవుతుందో ఆటలకు బయట చాలా ఖరీదుగా తెలిసొచ్చింది. 1977 మార్చి 27న కెనరీ దీవుల్లోని టెనెరిఫె విమానాశ్రయంలో, పొగమంచులో, రెండు బోయింగ్ 747లు రన్‌వే మీద ఢీకొని 583 మంది చనిపోయారు. ఆఖరి క్షణాల్లో కంట్రోల్ టవరూ పాన్ యామ్ విమానమూ ఒకే రేడియోలో ఒకేసారి మాట్లాడడంతో, పరుగందుకుంటున్న కేఎల్ఎం విమానంలోకి ఆ హెచ్చరికలు ఈల చప్పుడులా చేరాయి. ఆ కాక్‌పిట్‌లోనే ఉన్న ఫ్లైట్ ఇంజినీర్ అవతలి విమానం రన్‌వే ఇంకా ఖాళీ చేయలేదేమోనని అడిగాడు. కెప్టెన్ కొట్టిపారేశాడు. పెద్దవాడు గట్టిగా అంటే చిన్నవాడు రెండోసారి అడగడు. 1979లో నాసా పెట్టిన సదస్సు నుంచి పైలట్లకు విమానం నడపడంతోపాటు ఒకరితో ఒకరు మాట్లాడడం కూడా నేర్పడం మొదలైంది. 1981లో అమెరికా ఇంకో నిబంధన తెచ్చింది: 10,000 అడుగుల కిందున్నంతసేపూ కాక్‌పిట్‌లో పనికి సంబంధం లేని మాటలు కూడదు.

ఆటకు ఇంత పెద్ద పోలిక దేనికి అనొచ్చు. ప్రాణాలు పోవు, నిజమే. కానీ దిల్‌సుఖ్‌నగర్ పిల్లాడికి జరిగినవి ఆ రెండే. గొంతులు ఒకదాని మీద ఒకటి పడి వినాల్సింది వినబడలేదు, తర్వాత చెప్పాల్సినవాడు చెప్పలేదు. వృత్తిగా ఆడే జట్లలో పిలుపు బాధ్యత ఒక్కడికి అప్పగిస్తారు, వాణ్ని ఐజీఎల్ అంటారు, అంటే ఆటలోని నాయకుడు. ఒక్కడే మిగిలినప్పుడు అందరూ నోళ్లు మూసుకోవడం ఆ జట్లలో సాధనలో భాగం. చచ్చినవాడు తను చూసిన చివరి సంగతి ఒక్కటి చెప్పి తప్పుకోవాలి.

తిట్టేవాళ్లు ఎవరన్నదాని మీద 2015లో ప్లాస్ వన్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. హేలో 3 ఆటలో ముందే రికార్డు చేసిన ఆడ, మగ గొంతులను వాడి జట్టు సభ్యుల స్పందన గమనించారు. ఆట సరిగ్గా రానివాళ్లే ఆడ గొంతు మీద ఎక్కువ దురుసుగా ప్రవర్తించారు, నైపుణ్యం ఉన్నవాళ్లలో అది తగ్గింది. అదే ఆట మీద 2013లో వచ్చిన అధ్యయనంలో, మగ గొంతుకు గానీ అసలు మాట్లాడనివాళ్లకు గానీ పడినవాటితో పోలిస్తే ఆడ గొంతుకు మూడు రెట్లు చెడ్డ మాటలు పడ్డాయి. మా ఆఫీసులో ఒకమ్మాయి ఉంది, వాలరెంట్‌లో నాకంటే రెండు ర్యాంకులు పైన. తెలియనివాళ్లతో ఆడితే మైక్ తెరవదు. "హాయ్ అనగానే ‘అరే లడ్కీ హై’ అంటారు, ఆ తర్వాత ఆట ఉండదు" అంటుంది. ఆమె వినగలదు, చూడగలదు, చెప్పదు. ఆ మ్యాచ్‌లో మిగిలిన నలుగురూ నష్టపోయింది ఏమిటో వాళ్లకు ఎప్పటికీ తెలియదు.

భాష సంగతి కూడా ఇందులోదే. మనం ఆడేది ముంబై సర్వర్ మీద. తెలియని నలుగురితో కలిసి పడితే మొదటి ప్రశ్న "హిందీ ఆతీ హై?". గుంటూరు పిల్లాడు అక్కడే సగం మూగబోతాడు. హైదరాబాదీకి ఈ బాధ తక్కువ. దఖ్నీ నాలుక మీదే ఉంటుంది కాబట్టి "నక్కో భాయ్, రుకో" అనేసి పని కానిస్తాడు. ఇద్దరు తెలుగువాళ్లు, ఇద్దరు హిందీవాళ్లు ఉన్న జట్టులో మధ్యవర్తిగా హైదరాబాదీ ఒకడుంటే ఆ జట్టు అదృష్టం. కానీ మనవాళ్లు ఎక్కువగా చేసేది, ఇంకో తెలుగువాడు దొరకగానే ఇద్దరూ తెలుగులోకి దిగిపోవడం. మిగిలిన ముగ్గురికీ అది గోల.

తిట్లు దోస్తుల మధ్య మామూలేగా, వాటితోనే ఊపు వస్తుందిగా అంటారు. ఒప్పుకుంటాను. పదేళ్ల స్నేహితుడు ‘హౌలే’ అంటే అందులో ప్రేమే ఎక్కువ. ముక్కూ మొహం తెలియనివాడు అదే మాటంటే గుచ్చుకుంటుంది. మాట అదే అయినా వెనక ఉన్న పదేళ్లు రెండోవాడి దగ్గర లేవు. అలాగని రౌండు రౌండుకూ "కమాన్ గయ్స్, మనం గెలుస్తాం" అని ఊదరగొట్టేవాళ్లతోనూ నాకు పడదు. అది కూడా చెవిలో అడ్డమే. ‘నైస్ ట్రై’ అన్న రెండు ముక్కలు మాత్రం పనికొస్తాయి, పోయిన రౌండ్‌ని అక్కడికి మూసేస్తాయి కాబట్టి.

కంపెనీలు ఏమీ చేయలేదని కాదు. ఓవర్‌వాచ్ అనే ఆట 2018లో మంచి సహచరుణ్ని మెచ్చుకునే పద్ధతి పెట్టింది. 2019లో వచ్చిన ఏపెక్స్ లెజెండ్స్ మైకు అవసరమే లేకుండా ఒక్క బటన్‌తో శత్రువునూ తుపాకీనూ దారినీ చూపించే ఏర్పాటు చేసింది. మాట భయమున్నవాళ్లకు అంతకంటే మేలు చేసిందేదీ నాకు కనబడలేదు. వాలరెంట్ తయారుచేసిన రయట్, ఫిర్యాదులు తేల్చేందుకు ఆటలోని మాటలు రికార్డు చేస్తామని 2021లో నిబంధనలు మార్చింది. 2022 జూలైలో ఉత్తర అమెరికాలో ఇంగ్లిష్ మాటలతో యంత్రానికి శిక్షణ మొదలుపెట్టింది. కాల్ ఆఫ్ డ్యూటీ 2023లో మాటల మీద కాపలాకు కృత్రిమ మేధను తెచ్చింది. ఇంగ్లిష్ తిట్టును ఈ యంత్రాలు పట్టుకోవచ్చు. సగం తెలుగు, సగం దఖ్నీ, మధ్యలో ఇంగ్లిష్ పడే మన వాక్యంలో ‘రేయ్’ ముద్దో కోపమో తేల్చడానికి మాత్రం పక్కన కూర్చున్న మనిషే కావాలి.

ఇంట్లో పెద్దవాళ్లకు ఇదంతా చెప్పబోతే ఇంకో తంటా. తెలంగాణలో 2017లో ఆన్‌లైన్ రమ్మీని నిషేధించినప్పటి నుంచి ‘ఆన్‌లైన్ గేమ్’ అనగానే మా అక్కకు వినబడేది పేకాటే. 2022 డిసెంబరులో కేంద్రం ఈ-స్పోర్ట్స్‌ను క్రీడా శాఖ కిందకు తెచ్చిందని చెప్పాను. "అయితే కోచ్ ఏడి?" అంది. ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు. కబడ్డీకి, క్రికెట్‌కు గల్లీలో ఒక సీనియర్ అన్న ఉంటాడు, తిడుతూనో కొడుతూనో ఎలా పిలవాలో నేర్పుతాడు. ఈ పిల్లలు గురి ఎలా పెట్టాలో యూట్యూబ్‌లో చూసి నేర్చుకున్నారు. పిలవడం ఎవరూ నేర్పలేదు.

ఇది ఆట కుర్చీ దగ్గర ఆగేదీ కాదు. కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన ఒక కంపెనీలో రాత్రి రెండింటికి సర్వర్ పడిపోయింది. పద్నాలుగు మందిమి కాల్‌లోకి వచ్చాం. మేనేజర్ మొదటి ప్రశ్న: "హూ డిడ్ దిస్?" గంటసేపు అదే ప్రశ్న రకరకాలుగా అడిగాడు. తప్పు ఎక్కడుందో మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడికి మొదటి పది నిమిషాల్లోనే అనుమానం వచ్చిందట. మర్నాడు క్యాంటీన్‌లో చాయ్ దగ్గర చెప్పాడు. నిన్న ఎందుకు చెప్పలేదని నేను అడగలేదు.

ఆ శనివారం భోజనాలయ్యాక మేనల్లుడి గదిలో కూర్చుని ఇవన్నీ కొంత చెప్పాను. వాడు సగం విన్నాడు, సగం ఫోన్ చూశాడు. పది గంటలకు వాళ్ల ఐదోవాడు రాలేదని నన్ను కూర్చోబెట్టారు. మొదటి రౌండ్‌లోనే, అందరికంటే ముందు నేనే చచ్చాను. కాసేపటికి ఇటు మా వాడొక్కడే మిగిలాడు. వాడి వెనక గోడ చాటున శత్రువు ఉన్నాడని నాకు గట్టి నమ్మకం. "వెనక, వెనక, కాదు కుడివైపు..." అని మొదలుపెట్టాను.

"మామా," అన్నాడు తెర మీదనుంచి చూపు తిప్పకుండా, "చచ్చినోళ్లు మాట్లాడొద్దు."

మైక్ ఆపేశాను. శత్రువు ఎడమవైపు నుంచి వచ్చాడు. మా వాడు అప్పటికే అటు తిరిగి ఉన్నాడు.